అపోహలు – వాస్తవాలు: రీబూట్ ఉండగా పాత యానిమే ఎందుకు చూడాలి?

కొత్త బ్యాచ్ మొదలైన ప్రతిసారీ నాకు ఇదే ప్రశ్న: "మేడమ్, ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్ ఏది చూడాలి? 2003దా, బ్రదర్‌హుడ్డా?" ఎడ్, అల్ అనే అన్నదమ్ముల కథ ఇది. ఈ జపాన్ యానిమేషన్ సిరీస్‌ని (యానిమేని) 2003లో ఒకసారి తీశారు, 2009లో 'బ్రదర్‌హుడ్' పేరుతో మొదటి నుంచీ మళ్లీ తీశారు, అదే రీబూట్. నేను నోరు తెరిచేలోపే పక్క బెంచీ నుంచి జవాబు వచ్చేస్తుంది: "పాతది సగం ఫిల్లరే, వదిలెయ్." నేను పగలు స్టోరీబోర్డులు (సీన్లని ముందుగా షాట్లుగా గీసే బొమ్మలు) వేస్తాను, సాయంత్రం అదే పని నేర్పుతాను. ఈ ఒక్క మాట నమ్మి, నేర్చుకోవాల్సిన పిల్లలే మంచి సిరీస్‌ని వదిలేస్తున్నారు. అందుకే రాస్తున్నాను. మలుపులు బయటపెట్టను, ఇంకా చూడనివాళ్లు టెన్షన్ పడకండి.

అపోహ: 2003 సిరీస్ మాంగాని (తనకి మూలమైన జపాన్ బొమ్మల కథని) పాడుచేసింది. బ్రదర్‌హుడ్ వచ్చాక దాని అవసరం తీరిపోయింది.

ముందు లెక్క చూడండి. హిరోము అరకావా మాంగా 2001లో 'షోనెన్ గంగన్' అనే మాసపత్రికలో మొదలైంది. నెలకో అధ్యాయం. 2003 అక్టోబరులో టీవీ సిరీస్ మొదలయ్యేనాటికి పాతిక పైచిలుకు అధ్యాయాలే వచ్చాయి. టీవీకేమో వారం వారం ఎపిసోడ్ కావాలి, మొత్తం 51. మాంగా ముగిసిందెప్పుడు? 2010లో, 108 అధ్యాయాలతో. ఏడేళ్ల తర్వాత రాబోయే ముగింపుని 2003లో ఎవరు తీయగలరు?

బోన్స్ స్టూడియో ముందు రెండు దారులున్నాయి. కథని సాగదీస్తూ మాంగా కోసం కాచుకోవడం ఒకటి, సొంత కథ రాసుకోవడం ఇంకొకటి. దర్శకుడు సెయిజీ మిజుషిమా, రచయిత షో ఐకావా రెండో దారి పట్టారు. అరకావా అంగీకారంతోనే పట్టారు. రచయిత్రి ఒప్పుకున్న పనిని 'పాడుచేయడం' అనే హక్కు మనకెక్కడిది?

ఫిల్లర్ అంటే కథ కదలకుండా కాలం గడిపేది. 2003 సిరీస్ రెండో సగంలో కథ నడుస్తూనే ఉంటుంది, వేరే దారిలో నడుస్తుంది. హోముంకులస్‌లు (కథలో శత్రువులైన కృత్రిమ మనుషులు) ఎలా పుడతారన్నదే అక్కడ మార్చేశారు. దాంతో అన్నదమ్ములు చేసిన తప్పు, వాళ్లని వెంటాడే శత్రువులు ఒకే ముడిలో పడ్డాయి. ఇది చాలా ఆలోచించి వేసిన ముడి.

ఇక నా వృత్తికి నేరుగా తగిలే విషయం: నిడివి. బ్రదర్‌హుడ్ 2009లో వచ్చింది. మొదటి సిరీస్ ముగిసి అప్పటికి అయిదేళ్లు కూడా కాలేదు, చూసినవాళ్లకి ఇంకా గుర్తుంది. అందుకే తొలి భాగాన్ని గబగబా దాటించారు. మాంగా మొదట్లో ఉన్న బొగ్గు గని ఊరి కథని వదిలేశారు. నీనా, ఆమె తండ్రి టకర్ కథ బ్రదర్‌హుడ్‌లో ఒక్క ఎపిసోడ్, నాలుగోది. పాత సిరీస్‌లో ఆ అన్నదమ్ములు టకర్ ఇంట్లో ఉండి పరీక్షకి చదువుకుంటారు, నీనాతో ఆడుకుంటారు, రోజులు గడుస్తాయి. ఆ తర్వాత జరిగేది చూసినవాళ్లకి తెలుసు.

ఇంకో పాత్ర మరణం ఉంది, ఎవరో చెప్పను. బ్రదర్‌హుడ్‌లో అది 10వ ఎపిసోడ్‌లో, పాతదాంట్లో 25వ ఎపిసోడ్‌లో. ఓ అమ్మాయి క్లాసయ్యాక ఆగి అడిగింది: "పదో ఎపిసోడ్‌కి అందరూ ఏడ్చామంటున్నారు మేడమ్. నాకేమీ అనిపించలేదు. నాలోనే ఏదైనా లోపమా?" ఆ పిల్ల ముఖం చూస్తే జాలేసింది. నీలో లోపం లేదు తల్లీ, ఆ మనిషితో నిన్ను ఇంకాస్త సేపు ఉండనిచ్చి ఉంటే నీకూ ఏడుపొచ్చేది అన్నాను. పాత సిరీస్ మొదటి పాతిక ఎపిసోడ్లు చూసి రమ్మన్నాను. చూసొచ్చాక తను అడిగిన ప్రశ్నలన్నీ షాట్ల గురించే. ఏ సీన్ ఎంతసేపు నిలిపారు, ఎందుకు నిలిపారు, అని.

ఈ పాఠం నాకు పనిలోనే వచ్చింది. ఓ పిల్లల సిరీస్‌కి బోర్డులు వేస్తున్నప్పుడు నిడివి తగ్గించమని క్లయింటు పట్టుబట్టారు. బామ్మ మనవరాలికి జడ వేసే సీన్ తీసేశారు, కథకి అవసరం లేదని. చివర్లో బామ్మ ఊరు వదిలి వెళ్లే సీన్ వచ్చింది. చూపించిన పిల్లల్లో ఒక్కరూ కదల్లేదు. ఆ సీన్‌కి పడాల్సిన పునాది మొదట్లోనే పోయింది. అప్పట్నుంచి 'కథకి అవసరం లేని సీన్' అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

'హంటర్ హంటర్' అనే ఇంకో యానిమేలోనూ ఇదే జరిగింది. 1999 సిరీస్ మొదటి ఎపిసోడ్‌లోనే హీరో గాన్, కైట్ అనే అతన్ని కలుస్తాడు. 2011 రీబూట్‌లో ఆ పరిచయం డెబ్బై ఎపిసోడ్లు దాటాక ఫ్లాష్‌బ్యాక్‌గా వస్తుంది. ఆ తర్వాత కైట్ మీద మోపిన బరువంతా ఆ ఆలస్యపు పరిచయమే మోయాలి.

బ్రదర్‌హుడ్ నాకు చాలా ఇష్టం. దర్శకుడు యసుహిరో ఇరీయే 64 ఎపిసోడ్లలో అన్ని పాత్రల దారాలనూ చివరి యుద్ధానికి తెచ్చి కలిపిన తీరు క్లాసులో చాలాసార్లు చూపించాను. నేను కాదనేది ఆ 'ఒక్కటే చాలు' అన్న మాటని.

మిగతా అపోహలు త్వరగా: ప్రతిదాంట్లో మొదటి వాక్యం అపోహ, తర్వాతది వాస్తవం.

బ్రదర్‌హుడ్ రెండో సీజన్. కాదు. కథ మొదటి నుంచీ మళ్లీ మొదలవుతుంది. పాతదాని 51వ ఎపిసోడ్ తర్వాత దీన్ని కొనసాగింపు అనుకుని పెడితే తల తిరుగుతుంది.

రీబూట్ అంటే మాంగాకి మక్కీకి మక్కీ. బ్రదర్‌హుడ్ మొదటి ఎపిసోడే మాంగాలో లేదు!

మొదటిది ఆడలేదు కాబట్టే మళ్లీ తీశారు. అది పెద్ద హిట్. మాంగా ముగింపు దగ్గరపడింది కాబట్టే మళ్లీ తీశారు.

స్టూడియో ఒకటే కాబట్టి జట్టూ ఒకటే. కాదు. ఎడ్, అల్ గొంతులు మాత్రం అవే: రోమి పార్క్, రియే కుగిమియా. దర్శకుడు, కథా రచయిత, సంగీతం, ముస్టాంగ్ అనే పాత్ర గొంతు అన్నీ మారాయి.

ప్రతి రీబూట్‌కీ ఒకే సూత్రం. లేదు. ఫ్రూట్స్ బాస్కెట్ 2001లో 26 ఎపిసోడ్లతో కథ మధ్యలోనే ఆగింది. 2019లో మొదలైన రీబూట్ మూడు సీజన్లలో కథని చివరిదాకా చెప్పింది. అక్కడ కొత్తదే ముందు చూడమంటాను. డ్రాగన్ బాల్ జీ కాయ్ అయితే రీబూటే కాదు, పాత 'డ్రాగన్ బాల్ జీ' ఎపిసోడ్లని కుదించి చేసిన కూర్పు.

ముందే బ్రదర్‌హుడ్ చూసేశామే, పాతది పాడైపోయినట్టేనా అని దిగులుపడేవాళ్లకి: ఏమీ పోలేదు. పాతదాని రెండో సగం మీకు పూర్తిగా కొత్త కథ. ఇంకా ఏదీ చూడనివాళ్లు 2003తో మొదలుపెట్టండి. చూశాక 51వ ఎపిసోడ్ దగ్గర ఆపకండి, 2005లో వచ్చిన 'కాంకరర్ ఆఫ్ షంబల్లా' సినిమాతోనే ఆ కథ ముగుస్తుంది. బ్రదర్‌హుడ్ ఆ తర్వాత, కొన్నాళ్లు ఆగి.