ప్యానెల్‌లో పచ్చ లైటు ఉంటే సరిపోదు: ఇంటి స్మోక్, హీట్ డిటెక్టర్ల వైరింగ్‌పై అపోహలు - వాస్తవాలు

2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో ఒకే ఇంట్లో 17 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది ప్రాణం తీసింది మంట కాదు, పొగ. ఆ తర్వాత ఇళ్లలో స్మోక్ డిటెక్టర్ పెట్టించుకుంటామని, పెట్టించుకున్నది ఒకసారి చూడమని అడిగేవాళ్లు పెరిగారు. మంచిదే. కానీ చూడ్డానికి వెళ్లిన చాలా ఇళ్లలో, డిటెక్టర్ల వైర్లన్నీ వచ్చి చేరే కంట్రోల్ డబ్బాను (అదే ప్యానెల్) చూపించి ఒకటే మాట: "ప్యానెల్‌లో పచ్చ లైటు వెలుగుతోంది, ఫాల్ట్ ఏమీ లేదు, అంతా ఓకే కదండీ?" ఈ ఒక్క నమ్మకం వల్ల జరిగే నష్టం మిగతా అపోహలన్నీ కలిపినా జరగదు. అందుకే ముందు దీని సంగతి చెబుతాను.

అపోహ: ఫాల్ట్ లైటు వెలగకపోతే డిటెక్టర్లన్నీ పనిచేస్తున్నట్టే.

వాస్తవం: ఎండ్ ఆఫ్ లైన్ రెసిస్టర్ (వైరు లైను చివర పెట్టే చిన్న రెసిస్టర్) సరైన చోట ఉంటేనే ఆ పచ్చ లైటును నమ్మాలి. ప్యానెల్ ప్రతి జోన్‌లోకీ, అంటే కొన్ని డిటెక్టర్లను కలిపే ఒక్కో వైరు లైనులోకీ, కొద్దిపాటి కరెంటును ఎప్పుడూ పంపుతూనే ఉంటుంది. ఆ కరెంటు డిటెక్టర్లన్నిటినీ వరసగా దాటి, చివరి డిటెక్టర్ దగ్గరున్న రెసిస్టర్ గుండా తిరిగొస్తే లైను బాగుందని అర్థం. ఆగిపోతే వైరు ఎక్కడో తెగిందని ఫాల్ట్ చూపిస్తుంది. ఉన్నట్టుండి పెరిగితే డిటెక్టర్ పొగ పట్టిందని సైరన్ మోగిస్తుంది. మొత్తం నిఘా ఆ చివరి రెసిస్టర్ మీదే ఆధారపడి ఉంది.

ఇప్పుడు ఆ రెసిస్టర్‌ను ప్యానెల్ డబ్బాలోనే, జోన్ టెర్మినల్స్ మీద వదిలేస్తే ఏమవుతుంది? కరెంటు డబ్బాలోనే తిరిగి వచ్చేస్తుంది. బయట వైరు తెగినా, పీకేసినా ప్యానెల్‌కు తెలియదు. పచ్చ లైటు అలాగే వెలుగుతుంది.

ఇది ఎందుకు ఇంత ఎక్కువగా జరుగుతోందంటే, చాలా ప్యానెళ్లకు ఫ్యాక్టరీ నుంచే ఆ రెసిస్టర్లు టెర్మినల్స్‌కు బిగించి వస్తాయి. వాటిని తీసి చివరి డిటెక్టర్ బేస్‌లో (సీలింగ్‌కు బిగించి ఉండే భాగంలో) పెట్టాలి. వైరింగ్ చేసినవాళ్లు వాటిని కదిలించకుండా పక్కనే జోన్ వైర్లు బిగించేస్తారు. పైగా ఇంటి కరెంటు పని అలవాటు ఒకటి. బల్బుకైతే ఏ జంక్షన్ బాక్సు నుంచైనా కొమ్మ లాగొచ్చు. డిటెక్టర్‌కూ అలాగే టీ జాయింట్ కొట్టి లాగుతారు. ఆ కొమ్మలోకి నిఘా కరెంటు అసలు వెళ్లదు. అయినా ఫిట్ చేసిన రోజు పొగ పెట్టి చూస్తే సైరన్ మోగుతుంది, ఎందుకంటే ఆ రోజు వైరు బాగానే ఉంది. ఓనర్ సంతకం పెడతారు. తర్వాత ఎలుక కొరికినా, కార్పెంటర్ స్క్రూ దిగినా చెప్పేవాళ్లుండరు.

కొంపల్లి వైపు ఒక విల్లాలో ఇదే చూశాను. పెద్దవయసు దంపతులు, పిల్లలు అమెరికాలో. పై అంతస్తులో ఫాల్స్ సీలింగ్ మార్పించారు, ఆ పనిలో వైరు తెగింది. పైనున్న డిటెక్టర్లలో ఒక్కటీ పలకడం లేదు. ప్యానెల్ మాత్రం నార్మల్ అంటోంది. డబ్బా తెరిస్తే రెసిస్టర్ టెర్మినల్ మీదే ఉంది. "అంటే ఇన్ని రోజులూ మేం పైన పడుకున్నప్పుడు ఇది పనిచేయలేదా బాబూ?" అని ఆమె అడిగారు. అవునని చెప్పడం కష్టంగానే అనిపించింది, కానీ చెప్పాలి. పిల్లలు దూరంగా ఉండి, అమ్మానాన్నల కోసం డబ్బు పంపి పెట్టించిన వస్తువది.

మీ ఇంట్లో ఎలా ఉందో మీరే చూసుకోవచ్చు. ప్యానెల్‌ను టెస్ట్ మోడ్‌లో పెట్టి, ఒక డిటెక్టర్ తలను బేస్ నుంచి తిప్పి తీయండి. రెండు మూడు నిమిషాల లోపు ప్యానెల్ ఫాల్ట్ చూపించి బీప్ కొట్టాలి. మళ్లీ పెట్టి, ఇంకోటి తీయండి. ఇలా ప్రతి ఒక్కదానికీ. వాటిలో ఏదైనా ఒకటి తీసినప్పుడు ప్యానెల్ పలకలేదంటే అక్కడ వైరింగ్ తప్పుగా ఉండే అవకాశమే ఎక్కువ. కొన్ని బేస్‌లలో తల తీసినా లైను కలిపి ఉంచే చిన్న స్ప్రింగ్ క్లిప్ ఉంటుంది, దాన్ని పక్కకు తప్పించి చూడాలి.

తప్పని తేలినా కంగారు పడొద్దు, సీలింగ్ అంతా పగలగొట్టక్కర్లేదు. టీ కొమ్మ ఉన్నచోట అదే పైపులో నాలుగు కోర్ల కేబుల్ లాగి, రెండు వైర్లతో వెళ్లి రెండు వైర్లతో తిరిగి వస్తే లైను వరస అవుతుంది. ప్యానెల్‌లో ఖాళీ జోన్లుంటే ఒక్కో కొమ్మను ఒక్కో జోన్‌గా విడగొట్టొచ్చు. రెసిస్టర్ విలువ మాత్రం ఆ ప్యానెల్ మాన్యువల్‌లో ఉన్నదే వాడాలి. ఒకదానికి 4.7 కిలో ఓమ్‌లు, ఇంకోదానికి 10 ఉండొచ్చు. ఇంకో మాట: వైరును కోయకుండా మధ్యలో తొక్క తీసి ఒకే స్క్రూ కింద మడిచి బిగించనివ్వొద్దు. ఆ స్క్రూ వదులైతే డిటెక్టర్ లైను నుంచి విడిపోతుంది, లైను మాత్రం తెగదు. వచ్చే వైరు, వెళ్లే వైరు వేర్వేరుగా బిగించాలి.

కొన్ని డిటెక్టర్లకు నాలుగు వైర్లుంటాయి: జోన్‌కు ఒక జత, పవర్‌కు వేరే జత. పవర్ జత తెగినా జోన్ జత బాగానే కనిపిస్తుంది. అందుకే చివర రెసిస్టర్‌తో పాటు పవర్ సూపర్‌విజన్ రిలే (పవర్ ఆగితే జోన్ లైనును తెంచి ప్యానెల్‌లో ఫాల్ట్ చూపించే స్విచ్) కూడా ఉండాలి. "అది లేకపోయినా నడుస్తుంది" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

అపోహ: దొంగల అలారం ప్యానెల్‌లో ఖాళీ జోన్ ఉంది, దానికి కలిపేస్తే చాలు.

కలపొచ్చు, కానీ ఆ జోన్‌ను 24 గంటల ఫైర్ జోన్‌గా ప్రోగ్రామ్ చేయాలి. తలుపుల జోన్‌లా వదిలేస్తే మీరు ఇంట్లో ఉండి అలారం డిసార్మ్ చేసినప్పుడల్లా (దొంగల కాపలా ఆపినప్పుడల్లా) స్మోక్ డిటెక్టర్‌ను ప్యానెల్ పట్టించుకోదు. అంటే ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు కాపలా, మనుషులు నిద్రపోతున్నప్పుడు లేదు. డిసార్మ్ చేసి, ఒక డిటెక్టర్‌కు టెస్ట్ స్ప్రే కొట్టి చూడండి, సైరన్ మోగి తీరాలి. అలాగే స్మోక్ డిటెక్టర్ ఒకసారి ట్రిప్ అయితే పవర్ ఒక్కక్షణం ఆగేదాకా అలాగే ఉండిపోతుంది. ఎప్పుడూ పవర్ ఉండే మామూలు ఆక్సిలరీ టెర్మినల్ నుంచి డిటెక్టర్‌కు పవర్ ఇస్తే కీప్యాడ్‌లో రీసెట్ కొట్టినా ఆ పవర్ ఆగదు. "ఇది పాడైపోయింది, మోగుతూనే ఉంది" అని విసిగి వైర్లు పీకేసినవాళ్లను చూశాను. పాపం, డిటెక్టర్‌ది తప్పు కాదు. రీసెట్ కొట్టినప్పుడు ప్యానెల్ ఆపి మళ్లీ ఇచ్చే టెర్మినల్ నుంచి పవర్ ఇవ్వాలి.

అపోహ: పోపు పెట్టినా అగరుబత్తి వెలిగించినా మోగుతోంది, అన్ని గదుల్లో హీట్ డిటెక్టర్ పెట్టేస్తే గొడవ ఉండదు.

వంటింట్లో, పూజగదిలో హీట్ డిటెక్టర్ సరైనదే. పడకగదిలో కాదు. మామూలు ఫిక్స్‌డ్ రకం దాదాపు 57 డిగ్రీలకు పనిచేస్తుంది, రేట్ ఆఫ్ రైజ్ రకానికి నిమిషానికి 8 డిగ్రీల చొప్పున వేడి పెరగాలి. ఏసీ వైరో పరుపో కాలి గదంతా పొగ కమ్మేటప్పటికి పైకప్పు దగ్గర ఆ వేడి ఉండకపోవచ్చు. పడకగదులకు, బయటి హాలుకు స్మోక్ డిటెక్టరే పెట్టాలి, పొయ్యికి కనీసం 3 మీటర్ల దూరంలో, ఫ్యాను రెక్కల గాలికి ఎడంగా.

ఇక మిగతావి. అమెరికా నుంచి వచ్చేవాళ్లు తెచ్చే స్మోక్ అలారాలు: కరెంటుతో నడిచేవి 120 వోల్టులవి, ఇక్కడి 230కి కలపొద్దు. బ్యాటరీతో నడిచేది విడిగా పనిచేస్తుంది, కానీ ప్యానెల్‌కు సంకేతమిచ్చే రిలే లేనిదాన్ని జోన్‌కు కలపలేం.

డిటెక్టర్ల వల్ల క్యాన్సర్ వస్తుందని ఒక వాట్సాప్ మెసేజ్ తిరుగుతూనే ఉంది. అయొనైజేషన్ రకంలో అమెరీషియం 241 చాలా కొద్దిగా ఉండే మాట నిజం. దాని ఆల్ఫా కిరణాలు కాగితాన్ని కూడా దాటలేవు. విప్పి గెలకకుండా ఉంటే చాలు. కాంతితో పొగను పట్టే ఆప్టికల్ రకంలో అది కూడా ఉండదు. ఇలాంటి మెసేజ్ చూసి పిల్లల గదిలోంచి డిటెక్టర్ తీసేయకండి, దయచేసి.

డిటెక్టర్ మోగగానే స్ప్రింక్లర్లన్నీ నీళ్లు చిమ్మి సోఫాలు పాడవుతాయన్న భయం కూడా అనవసరం. మామూలు స్ప్రింక్లర్‌కు గాజు బల్బు ఉంటుంది. అది సాధారణంగా 68 డిగ్రీల దగ్గర పగులుతుంది, వేడి తగిలినదే పగులుతుంది.

గ్యాస్ లీకును స్మోక్ డిటెక్టర్ పట్టదు. వంటగ్యాస్ గాలికంటే బరువు, నేల దగ్గరే పేరుకుంటుంది. దానికి వేరే డిటెక్టర్, నేల నుంచి అడుగు ఎత్తులో.

చివరగా బ్యాటరీ. ప్యానెల్ డబ్బాలోని 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీని పెట్టి మర్చిపోతారు. మూడు నాలుగేళ్లకు అది నీరసిస్తుంది. మెయిన్ ఆపి, బ్యాటరీ మీదే ఒక డిటెక్టర్‌ను టెస్ట్ చేయండి. సైరన్ గొంతు తగ్గినా, ప్యానెల్ ఆరిపోయినా ఆ రోజే కొత్తది వేయించండి.