గాజుల బజారు మూతపడితే: ప్లీహం లేనివారి ‘మూడు నెలల షుగర్’

మా అపార్టుమెంటు మూడో అంతస్తులో ఉండే ముప్ఫై నాలుగేళ్ల యువకుడు కిందటి నెలలో ఒక రక్తపరీక్ష రిపోర్టు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఆరేళ్ల కిందట ఉప్పల్ దగ్గర బైకు ప్రమాదంలో అతని కడుపుకు దెబ్బ తగిలింది, చిట్లిన ప్లీహాన్ని (స్ప్లీన్‌ను) ఆ రాత్రే తీసేశారు. ఇప్పుడు ఆఫీసువాళ్లు చేయించిన పరీక్షల్లో పరగడుపు షుగర్ 94 వచ్చింది కానీ, జనం ‘మూడు నెలల షుగర్’ అని పిలుచుకునే హెచ్‌బీఏ1సీ మాత్రం 6.6 వచ్చింది. అది 6.5కు చేరితే మధుమేహమని లెక్క. “పరగడుపున చూస్తే లేదంటోంది, మూడు నెలలది చూస్తే ఉందంటోంది. దేన్ని నమ్మాలి అంకుల్?” అని అడిగాడు. ముప్ఫై ఏళ్లు ఫిజియాలజీ పాఠాలు చెప్పిన నాకు ఇంతకంటే ఇష్టమైన ప్రశ్నను ఎవరూ అడగలేదు.

ప్లీహం ఎక్కడుంటుంది, ఎంత బరువుంటుంది అనేవి పాఠ్యపుస్తకంలో దొరుకుతాయి కనుక వాటిని వదిలేస్తున్నాను. అదే పుస్తకంలో ప్లీహానికి ‘ఎర్రరక్తకణాల శ్మశానం’ అని పేరు పెట్టి, దాన్ని మార్కుల ప్రశ్నగా పిల్లల చేత వల్లె వేయించడం మీద మాత్రం నాకు మొదటినుంచీ అభ్యంతరం ఉంది. శ్మశానానికి వచ్చేవాళ్లు చనిపోయాకే వస్తారు. ప్లీహానికి బతికున్న కణాలే వస్తాయి, ఒకసారి కాదు, పదే పదే వస్తాయి. గుండె పంపే రక్తంలో దాదాపు 5 శాతం ప్లీహానికి వెళుతుంది కాబట్టి, ఒక్కో ఎర్రకణం సగటున ఇరవై నిమిషాలకొకసారి దాని గుమ్మం తొక్కుతుందని లెక్క తేలుతుంది. వచ్చిన వాటిలో ఎక్కువ భాగం దగ్గరి దారిన వెళ్లిపోతాయి. కొన్ని మాత్రం అసలైన పరీక్షకు నిలబడతాయి.

ఆ పరీక్ష ఎలాంటిదో తెలియాలంటే చార్మినార్ పక్కన లాడ్ బజారులో ఒక గాజుల దుకాణం ముందు పది నిమిషాలు నిలబడితే చాలు. గాజులమ్మే అతను బొటనవేలిని అరచేతిలోకి మడిచి, కణుపుల మీద మెల్లగా నొక్కుతూ, చెయ్యి పట్టదనిపించే గాజును మణికట్టుకు ఎక్కిస్తాడు. మెత్తని చెయ్యి ఎంత సన్నని గాజులోంచైనా దూరిపోతుంది, కీళ్లు బిగిసిన చెయ్యి కణుపుల దగ్గరే ఆగిపోతుంది. ఎర్రకణం వ్యాసం 7 నుంచి 8 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కాగా, ప్లీహంలోని రక్తపు అరల గోడల్లో ఉండే చీలికల వెడల్పు సుమారు ఒక మైక్రాన్. వయసులో ఉన్న కణం తన పొరను సాగదీసుకుని, సన్నగా మడుచుకుని అవతలికి జారుతుంది. వయసు మళ్లి పొర బిరుసెక్కిన కణం చీలికలో చిక్కుకుంటే, పక్కనే కాచుకుని ఉండే మాక్రోఫేజ్ అనే భక్షక కణం దాన్ని మింగేస్తుంది.

చేతికి ఉంగరం ఉంటే గాజు ఎక్కదు కనుక దుకాణదారు ముందు దాన్ని తీయిస్తాడు. ప్లీహం కూడా ఈ పని చేస్తుంది. మూలుగలో కణం తయారయ్యేటప్పుడు లోపల మిగిలిపోయిన కేంద్రకపు ముక్క చీలిక దగ్గర అడ్డుపడితే, ఆ ముక్కను మాత్రం గిల్లి పారేసి కణాన్ని సాగనంపుతుంది. ఆ ముక్కలకు హోవెల్-జాలీ బాడీలని పేరు.

ఇప్పుడు అదే చేతికి గోరింటాకు పెట్టండి. రక్తంలోని గ్లూకోజు హీమోగ్లోబిన్ బీటా గొలుసు మొదట్లో ఉండే వాలీన్ అనే అమైనో ఆమ్లానికి ఏ ఎంజైము సాయమూ లేకుండా అంటుకుంటుంది. మొదట వదులుగా, తిరిగి విడిపోగలిగేలా ఉండే ఆ బంధం, అమడోరి మార్పు అనే అంతర్గత సర్దుబాటు జరిగాక గట్టిపడి, ఆ కణం బతికున్నంత కాలం అలాగే ఉండిపోతుంది. గోరింటాకు ఎంత ఎర్రగా పండిందన్నది రెండు విషయాల మీద ఆధారపడుతుంది: ఆకు ఎంత పెట్టారు, ఎంతసేపు ఉంచారు. హెచ్‌బీఏ1సీ కొలిచేది ఆ ఎరుపునే. మనం మాత్రం రెండో విషయాన్ని మరచిపోయి, ఎరుపంతా ఆకువల్లనే వచ్చిందనుకుంటాం.

ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. అంటే ఏ రోజు రక్తం తీసినా అందులో నిన్న పుట్టినవీ, రేపు పోబోయేవీ కలిసి ఉంటాయి, సగటు వయసు దాదాపు 60 రోజులుంటుంది. ఆయుష్షు ఏ కారణంగానైనా పది శాతం పెరిగి 132 రోజులైతే సగటు వయసు 66 అవుతుంది, గోరింటాకు ఆ మేరకు ఎక్కువసేపు ఉన్నట్టే. అప్పుడు రక్తంలోని గ్లూకోజు ఒక్క మిల్లీగ్రాము కూడా పెరగకపోయినా 5.9 ఉండాల్సిన అంకె ఉజ్జాయింపుగా 6.5 అయిపోతుంది. దీనికి తోడు, ఎర్రకణం తన జీవితకాలంలో హీమోగ్లోబిన్‌లో దాదాపు ఐదో వంతును చిన్న చిన్న బుడగల రూపంలో వదిలించుకుంటుంది, వయసు మళ్లిన కణాల్లో ఆ పనికి ప్లీహం సాయపడుతుంది. ప్లీహం లేకపోతే బాగా పండిన ఆ భాగం కణంలోనే మిగిలిపోతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో హెచ్‌బీఏ1సీతో మధుమేహాన్ని నిర్ధారించవచ్చని చెప్పినప్పుడు, ఆ అంకెను తప్పుదారి పట్టించే వాటి పట్టికలో ప్లీహం తొలగింపును అంకె పెరిగే వైపున, ప్లీహం ఉబ్బడాన్ని తగ్గే వైపున చేర్చింది. పల్లెల్లో ‘కడుపులో బల్ల’ అని వాతలు పెట్టించిన ఆ ఉబ్బు ఉన్నవారిలో కణాలు ఆయుష్షు తీరకముందే పోతాయి కనుక నిజంగా మధుమేహం ఉన్నా రిపోర్టు ముచ్చటగా కనిపించవచ్చు. అయితే బజారులో ఒక వీధి మూతపడినంత మాత్రాన గాజుల వ్యాపారం ఆగదు. ప్లీహం పోయాక కాలేయంలో ఉండే కుప్ఫర్ కణాలనే మాక్రోఫేజ్‌లు ముసలి కణాలను ఏరే పనిలో చాలా భాగాన్ని నెత్తికెత్తుకుంటాయి. అందుచేత ఈ తేడా ఒకరిలో లేశమాత్రంగా, ఇంకొకరిలో స్పష్టంగా ఉంటుంది.

ఇంతవరకు విన్న మా కుర్రవాడు “అయితే నాకు షుగర్ లేనట్టే కదా” అని ఊపిరి పీల్చుకున్నాడు. అక్కడే అతన్ని ఆపవలసి వచ్చింది. గాయాలవల్ల ప్లీహం తీయించుకున్నవారిని తైవాన్ ఆరోగ్యబీమా రికార్డుల్లో గమనించినప్పుడు, తర్వాతి కాలంలో వారిలో టైప్ 2 మధుమేహం ఇతరులకంటే ఎక్కువగా కనిపించింది. దీనికి ఒక మామూలు కారణం ఇరుగుపొరుగుతనం. క్లోమం తోక సరిగ్గా ప్లీహం గుమ్మం దగ్గరే ముగుస్తుంది, ఇన్సులిన్ తయారుచేసే కణాల గుంపులు (దీవులు) ఆ తోకలోనే దట్టంగా ఉంటాయి, ప్రమాదమూ శస్త్రచికిత్సా కూడా దాన్ని గాయపరచవచ్చు. రెండో కారణం మంట, అంటే వైద్యులు ఇన్‌ఫ్లమేషన్ అనేది. ప్లీహం నుంచి వచ్చే ఇంటర్‌ల్యూకిన్-10 అనే సంకేత ప్రోటీన్ కొవ్వు కణజాలంలోని మంటను అదుపు చేస్తుందని జంతువుల్లో చేసిన ప్రయోగాలు చెబుతున్నాయి. మనుషుల్లో దాని వాటా ఎంతో ఇంకా తేలలేదు.

గుండె సంగతి ఇంకా పాతది. రెండో ప్రపంచయుద్ధంలో గాయపడి ప్లీహం తీయించుకున్న 740 మంది అమెరికన్ సైనికుల మరణాలను పరిశీలించిన ఒక అధ్యయనం 1977లో వెలువడింది. ప్లీహం రక్తంలోని సూక్ష్మక్రిములను కూడా ఏరేస్తుంది కనుక, వారిలో న్యుమోనియా మరణాలు ఎక్కువగా ఉండటం ఊహించినదే. రక్తనాళాలు మూసుకుపోయి వచ్చే గుండెజబ్బు మరణాలు కూడా ఎక్కువగా ఉండటమే ఎవరూ ఊహించనిది. ప్లేట్‌లెట్లలో మూడో వంతు మామూలుగా ప్లీహంలో దాగి ఉంటాయి, అది పోతే రక్తంలో వాటి సంఖ్య పెరుగుతుంది. బిరుసెక్కిన కణాలు, బుడగలు కూడా రక్తంలోనే తిరుగుతూ గడ్డకట్టే గుణాన్ని పెంచుతాయి. పుట్టుకతో ఎర్రకణాలు బంతుల్లా ఉండే స్ఫెరోసైటోసిస్ రోగుల్లో ప్లీహం తీసేశాక కొలెస్ట్రాల్ పెరగడం మరో మలుపు. అంతకుముందు మూలుగ కొత్త కణాల పొరల కోసం కొలెస్ట్రాల్‌ను విపరీతంగా వాడుకునేది, కణాలు నిలవడం మొదలయ్యాక ఆ ఖర్చు తగ్గిపోతుంది. దీన్ని శస్త్రచికిత్స చేసిన కీడు అనాలా, రోగం ఇచ్చిన రక్షణ పోవడం అనాలా? నేను రెండో వైపే మొగ్గుతాను.

అతనికి ఎవరో మటన్ కొట్టులో తిల్లి (మేక ప్లీహం) తెచ్చి వారం వారం తినిపిస్తే ప్లీహం మళ్లీ మొలుస్తుందని చెప్పారట. తిల్లిలో ఇనుము దండిగా ఉన్నమాట నిజమే కానీ, అది మొలిపించేదేమీ లేదు. తమాషా ఏమిటంటే, ప్లీహం చిట్లినప్పుడు చెదిరిన ముక్కలు కడుపులో అక్కడక్కడా అతుక్కుని, తిల్లి సాయం లేకుండానే కొంత పెరగడం కద్దు.

నేను అతనికి మూడు పరీక్షలు చెప్పాను: 75 గ్రాముల గ్లూకోజు తాగిన రెండు గంటల తర్వాతి షుగర్, ఎర్రకణాల వయసుతో పనిలేకుండా రెండు మూడు వారాల సంగతి చెప్పే ఫ్రక్టోజమీన్, కొలెస్ట్రాల్. మొదటిది (128), రెండోది కూడా మామూలు హద్దుల్లోనే ఉన్నాయి. కొలెస్ట్రాల్ 228 వచ్చింది కాబట్టి, న్యుమోనియా తెచ్చే న్యుమోకాకస్ క్రిమికి టీకా ఎప్పుడు వేయించుకున్నాడో కూడా గుర్తులేదు కాబట్టి, అతన్ని ఫిజీషియన్ దగ్గరికి పంపాను.

తార్నాకలో మా మిత్రుడి ల్యాబ్‌లో అతని రక్తపు చుక్కను స్లైడ్ మీద పరిచి, రంగు వేసి చూపించాను. లేత గులాబీ రంగు కణాల మధ్య ఒకదాంట్లో, అంచుకు కాస్త ఇవతల, నేరేడుపండు రంగులో నున్నటి గుండ్రటి చుక్క ఉంది. స్లైడును జరిపితే ఇంకొకటి, మరికాస్త జరిపితే మూడోది కనిపించాయి. “ఇవి పోవడానికి మందుందా అంకుల్?” అని అడిగాడు. వాటివల్ల హాని లేదని, ఉంగరాలు తీయించేవాడు లేక అలా మిగిలిపోయాయని చెప్పాను. అతడు ఫోను కెమెరాను మైక్రోస్కోప్‌కు ఆనించి, ఆ మూడింటినీ ఫొటో తీసుకున్నాడు.