చలానీ చేపకు 2018లో అంటిన పేరు

బరంపురం చేపల బజార్లో ఐసు పెట్టె మూత తీస్తే చాలు, "మందు కొట్టిందేనా?" అన్న ప్రశ్న మళ్లీ వినపడుతోంది. మందంటే ఫార్మాలిన్, నీళ్లలో కలిపిన ఫార్మాల్డిహైడ్; చేప చెడకుండా దాన్ని కొడతారని అనుమానం. ఆంధ్రా చెరువుల చేప ఒడిశాకు ఎందుకొస్తుందో బరంపురం ఉన్న ఈ గంజాం జిల్లాలో అందరికీ తెలుసు. దాన్ని ఇక్కడ చలానీ చేప, అంటే బయటి నుంచి దిగుమతైన చేప అనే పిలుస్తారు. ఆ పాత కథ వదిలేసి నేరుగా 2018కి వెళ్దాం.

ఆ జూన్‌లో కేరళ చెక్‌పోస్టుల్లో ఫార్మాలిన్ కలిపిన చేప వేల కిలోలు దొరికింది. జులైలో అస్సాం ఆంధ్రా చేపను కొన్నాళ్లు ఆపేసింది. ఒడిశాలోనూ శాంపిళ్లు తీశారు. అప్పటిదాకా జనం పెట్టెను అనుమానించేవారు. ఆ నెల నుంచి ఆంధ్రా రాష్ట్రాన్నే అనుమానించడం మొదలైంది. ఈనాటి ఆ ప్రశ్నకు మూలం అదేనని నా లెక్క.

అధికారుల వాదన సూటిగా ఉంది: ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ తెచ్చేది, కలిపితే పట్టుకోవాల్సిందే. కాదనలేం. కానీ పట్టుకునే పద్ధతి చూడండి. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ చేసిన కిట్‌లో కాగితం ముక్కను చేప ఒంటికి రుద్ది చుక్క మందు వేస్తారు. నిమిషాల్లో రంగు తిరుగుతుంది. మరి ఎవరూ ఏమీ కలపకపోయినా, చచ్చిన చేప కండలో ఫార్మాల్డిహైడ్ కొంత దానంతటదే పుడుతుంది. అది పుట్టడానికి మూలమైన పదార్థం సముద్రపు చేపలోనే ఎక్కువ, చెరువులో పెరిగిన శీలావతిలో, బొచ్చెలో తక్కువ. సహజంగా ఎంత ఉండొచ్చో ఆహార భద్రతా సంస్థ 2019లో గానీ తేల్చలేదు: చాలా రకాలకు కిలోకు 4 మిల్లీగ్రాములు, కొన్నిటికి 100. అంటే గోల లేచిన ఏడాది ఆ హద్దే లేదు.

నష్టం మాత్రం గోపాల్‌పూర్ తీరంలో చేపలమ్మే నోళియా జాలరి ఆడవాళ్లకూ తగిలింది. వాళ్ల ఇంటి భాష తెలుగు. తట్టలో ఉన్నది పొద్దున పడవ దిగిన చేపే అయినా, వాళ్ల తెలుగు మాట వినగానే కొనేవాడు "ఆంధ్రాదా?" అంటాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో మరబోట్ల వేట నిషేధం. రుషికుల్య మొగ దగ్గరైతే తాబేళ్ల కోసం నవంబర్ నుంచి మే ఆఖరు దాకా తీరంలో వల వేయకూడదు. ఆ నెలల్లో బజారును నింపేది కైకలూరు, భీమవరం వైపు లారీలే. తట్టలోకి చేప రావాలంటే ఆ పెట్టెల్లోంచే రావాలి.

కిట్ తట్టతో కూర్చున్న ఆడమనిషి చేతిలో ఉండదు. అడిగినవాడికి మొప్ప ఎత్తి ఎరుపు చూపిస్తుంది, అంతే.