లైబ్రరీ బల్లకి ఇవతల కూర్చుని: టీనేజీ పిల్లల పుస్తకాలపై అపోహలు - వాస్తవాలు

మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రానికి దగ్గరగా ఉన్న శాఖా గ్రంథాలయం. పొద్దున్న మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు తెరుస్తాం. శుక్రవారం సెలవు. పేపరు చదివే పెద్దలూ, గ్రూప్-2కీ డీఎస్సీకీ ప్రిపేరయ్యే కుర్రాళ్లూ కుర్చీలన్నీ ఆక్రమించేస్తారు. ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివే పిల్లలు మాత్రం గుమ్మం దగ్గరే నిలబడి "మాస్టారూ, ఏదైనా మంచి బుక్ ఉందా?" అని అడుగుతారు. ఆ "మంచి" అన్న మాటకి అర్థం వెతకడంతోనే నా సర్వీసు సగం గడిచింది. వేసవి సెలవుల్లో తల్లిదండ్రులు కూడా వస్తారు, కొన్ని గట్టి నమ్మకాలు వెంటబెట్టుకుని. వాటిలో కొన్ని ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకూ ఉండేవి.

అపోహ: ఈ కాలం పిల్లలు ఫోను వదలరు, పుస్తకం ముట్టరు.

వాస్తవం: మొదటిది నిజమే. రెండోదాని సంగతి చెబుతాను.

రెండేళ్ల కిందట తొమ్మిదో తరగతి గుంటడొకడు వానకి తడుస్తూ లోపలికొచ్చాడు. మత్స్యకారుల పిల్లాడు. తండ్రి వేటకి గుజరాత్‌లోని వెరావల్ వెళ్లాడట. పుస్తకం వద్దు, వాన తగ్గేదాకా ఫ్యాను కింద కూర్చుంటానన్నాడు. సరే కూర్చోమని, నేను ఊరికే హెమింగ్వే రాసిన ముసలి జాలరి కథ ఎత్తుకున్నాను. 84 రోజులు ఒక్క చేపా పడలేదు, 85వ రోజు ఒక్కడే చిన్న పడవేసుకుని దూరం పోయాడు, గేలానికి పెద్ద చేప తగిలింది.

"ఏం చేపండి?"

మార్లిన్ అన్నాను. వాడికి అందలేదు. మూతి ఈటెలాగ ముందుకి పొడుచుకొచ్చి ఉంటుందన్నాను.

"కొమ్ముకోనాం!" అని కుర్చీలోంచి లేచిపోయాడు. "అది పొడిచిందంటే మనిషి బతకడండి. పడవలోకి ఎలగ ఎక్కించినాడు?"

ఎక్కించలేదు, అది పడవ కన్నా రెండడుగులు పొడుగు, అందుకని పక్కన కట్టుకుని వస్తున్నాడన్నాను.

"కడితే సొరలు ఊరుకుంటాయేటి మాస్టారూ?"

కథ ముగింపు వాడే చెప్పేశాడు. ఆ నవల అనగానే మానవ సంకల్పం, పట్టుదల అంటూ ఉపన్యాసాలిచ్చిన వాణ్ని నేను. వాడికి మాత్రం నీళ్లలో రక్తం కనబడింది. పుస్తకం పట్టుకెళ్లి నాలుగో రోజు తెచ్చిచ్చాడు, ఒక ఫిర్యాదుతో సహా: ముసలాయన ఇంకొకణ్ని తోడు తీసుకెళ్లాల్సింది. తన దగ్గర వేట నేర్చుకున్న పిల్లాడు పక్కన ఉంటే బాగుండునని నవలలో ముసలాయన కూడా మాటిమాటికీ అనుకుంటాడు.

మన తీరంలో సాహసం అనే మాటని పుస్తకంలో చదివి తెలుసుకోనక్కర్లేని ఇళ్లు చాలా ఉన్నాయి. 2018 నవంబరులో గుజరాత్ తీరం నుంచి వేటకెళ్లి పాకిస్తాన్ వాళ్లకి చిక్కి, 2020 జనవరిలో తిరిగొచ్చిన మత్స్యకారులు మన జిల్లాల వాళ్లే. అలాంటి ఊళ్ల పిల్లలు చదవరని తేల్చేసే ముందు, వాళ్లకి తెలిసిన లోకం ఉన్న పుస్తకం ఒక్కటైనా వాళ్ల చేతిలో పెట్టామా అన్నది చూసుకోవాలి.

అపోహ: స్ఫూర్తినిచ్చే పుస్తకం అంటే గొప్పవాళ్ల విజయగాథ.

వాస్తవం: బహుమతి పుస్తకాలు కొనే పెద్దలకి ఇది బాగా పట్టిన నమ్మకం. ఆగస్టు 15కీ బాలల దినోత్సవానికీ పంచేవన్నీ ఒకే మూసలో ఉంటాయి. పేద ఇంట పుట్టాడు, వీధి దీపం కింద చదివాడు, గొప్పవాడయ్యాడు. మొదటి పేజీ చూసి పిల్లలు ఆఖరి పేజీ చెప్పేస్తారు. ఒకసారి ఒక పాఠశాల వాళ్లు పంచిన బహుమతి పుస్తకాలు నెల తిరక్కుండా మా వీధి చివర పకోడీల బండి మీద కనిపించాయి. నాకు బాధ వేసింది గానీ ఆశ్చర్యం వేయలేదు.

నేను ఇచ్చేదీ జీవితకథే, కాకపోతే వేరే పేజీ దగ్గర తెరిచి ఇస్తాను. అబ్దుల్ కలాం ఆత్మకథ తెలుగులో 'ఒక విజేత ఆత్మకథ' పేరుతో వచ్చింది. అందులో డెహ్రాడూన్ ఘట్టం చూడండి. పైలట్ కావాలని కలలుగన్న కుర్రాడు వైమానికదళం ఇంటర్వ్యూకి వెళ్తాడు. 25 మందిలో తొమ్మిదో స్థానం వచ్చింది. తీసుకున్నది ఎనిమిది మందిని. మనసు విరిగి రిషికేశ్ వెళ్తాడు. కానిస్టేబుల్ సెలక్షన్లో ఒక్క మార్కుతో పోయిన అన్నయ్యలున్న మన పిల్లలకి తొమ్మిదో స్థానం అంటే ఏమిటో విడమర్చి చెప్పాలా? ఆ పేజీ చదివాక వాళ్లే ముందుకీ వెనక్కీ వెళ్తారు. ఆయన నడిపించిన ఎస్ఎల్‌వీ-3 మొదటి ప్రయోగం 1979 ఆగస్టు 10న విఫలమై రాకెట్ సముద్రంలో పడిన చోటికీ, 1980 జులై 18న రెండోది రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టిన చోటికీ వస్తారు.

ధ్రువ యాత్రికుడు షాకిల్టన్ కథైతే పూర్తిగా ఓటమి కథే. అంటార్కిటికాని ఈ చివర నుంచి ఆ చివరకి దాటుతానని 1914లో బయలుదేరాడు. దాటడం సంగతి అటుంచి, అసలు ఆ నేల మీద కాలే పెట్టలేదు. ఎండ్యూరెన్స్ ఓడ 1915 జనవరిలో మంచులో ఇరుక్కుంది, నవంబరులో మునిగిపోయింది. నెలల తరబడి మంచు పలకల మీద గుడారాలేసుకుని సీల్‌లనీ పెంగ్విన్లనీ, చివరికి తమ బండ్లు లాగిన కుక్కలనీ తిని బతికారు. తర్వాత ఆరుగురు 22 అడుగుల పడవలో దాదాపు 1,300 కిలోమీటర్ల సముద్రం దాటి సహాయం తెచ్చారు. ఆ ఓడలో వెళ్లిన 28 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. పిల్లలకి ఇవ్వదగ్గ తెలుగు పుస్తకం దీని మీద నా బీరువాలో లేదు, అందుకని నోటితో చెబుతాను. కుక్కల దగ్గరకొచ్చేసరికి గదిలో చప్పుడుండదు.

అపోహ: సాహస పుస్తకాలు మగపిల్లలకి.

వాస్తవం: మా రిజిస్టరులో టామ్ సాయర్ని ఎక్కువసార్లు పట్టుకెళ్లింది ఆడపిల్లలే. మన జిల్లా ఊసవానిపేట నుంచి బయలుదేరిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో వెయిట్‌లిఫ్టింగ్‌లో కాంస్యం గెలిచింది. మన దేశంలో ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి మహిళ ఆమె. నిజామాబాద్ జిల్లా గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది, పద్నాలుగేళ్లు నిండకుండానే. ఇంకా ఈ అపోహ గురించి మాట్లాడాల్సి రావడమే నాకు చిరాకు.

అపోహ: ఇంగ్లీషు మీడియం పిల్లలకి తెలుగు అనువాదాలెందుకు? చదివితే ఒరిజినలే చదవాలి.

వాస్తవం: ఒరిజినల్ చదవగలిగితే సంతోషం. నా అనుభవంలో ఇంగ్లీషు ట్రెజర్ ఐలాండ్ పట్టుకెళ్లిన పదిమందిలో తొమ్మిదిమంది రెండో అధ్యాయం దాటరు. అందులో ఓడ మాటలూ దొంగల యాసా మనకే కష్టం. నండూరి రామమోహనరావు గారి 'కాంచనద్వీపం' ఇస్తే అదే పిల్లలు ఆపిల్ పండ్ల పీపాలో దాక్కున్న జిమ్ దగ్గర ఊపిరి బిగబడతారు. 'టామ్ సాయర్', 'హకల్‌బెరీ ఫిన్', 'రాజూ పేదా' కూడా ఆయన చేతి మీదుగా వచ్చినవే. కంచెకి సున్నం వేసే పని తోటి పిల్లలకి అంటగట్టి, పైగా వాళ్ల దగ్గరే లంచం పుచ్చుకునే టామ్ మన వీధిలో పిల్లాడిలాగే మాట్లాడతాడు. ముందు కథ తెలుగులో చదివిన పిల్ల ఆ తర్వాత ఇంగ్లీషు పుస్తకం అడిగితే ధైర్యంగా ఇస్తాను. కథ తెలిస్తే తెలియని మాటలు అంత భయపెట్టవు.

లావు పుస్తకం చూసి జడిసే వాళ్లకి కథలతో మొదలుపెట్టండి. కథా రచయిత కారా (కాళీపట్నం రామారావు) మాస్టారు 1997లో తెలుగు కథల కోసం కథానిలయం అనే గ్రంథాలయం పెట్టిన ఊరు మన శ్రీకాకుళం. కథ చాలు అనడానికి మనకేం సిగ్గు?

అపోహ: చావులు, కొరడా దెబ్బలు, బానిసత్వం ఉన్నవి ఈ వయసు పిల్లలకి ఇవ్వకూడదు.

వాస్తవం: ఇక్కడ తప్పు నాదే. అలెక్స్ హేలీ 'ఏడు తరాలు' సహవాసి గారి అనువాదంలో మా దగ్గర రెండు ప్రతులున్నాయి. పదో తరగతి అమ్మాయి అడిగితే "ఇంటర్‌కొచ్చాక చదువుదువుగానిలే" అన్నాను. ఆ అమ్మాయి వాళ్ల అక్క కార్డు మీద తీసుకుంది. తెచ్చిచ్చేటప్పుడు ఒకటే అడిగింది: "డోలు చేసుకోడానికి కర్ర కోసం వెళ్లినోణ్ని పట్టుకుపోయినారు. వాడికి నా కన్నా ఒకటో రెండో ఏళ్లు ఎక్కువ. వాడికి చెప్పి చేసినారా ఇవన్నీ?"

ఆమె అడిగిన ఆ కుర్రాడు, కుంటా కింటే, పట్టుబడింది పదిహేడో ఏట. ఆ వయసులో ఎదురైనదాన్ని ఆ వయసు వాళ్లు చదవకూడదనడం ఎలా కుదురుతుంది? అలాగని అందరికీ కళ్లు మూసుకుని ఇవ్వను. ఇచ్చేటప్పుడు బానిసల ఓడ ప్రయాణం భాగం భయంకరంగా ఉంటుందని ముందే చెబుతాను. చదివాక వచ్చి మాట్లాడమంటాను. ఇంట్లో ఈమధ్య ఎవరైనా పోయారని తెలిస్తే వేరే పుస్తకం తీస్తాను.

అపోహ: ఇవన్నీ టైమ్‌పాస్, మార్కులు పోతాయి.

వాస్తవం: మార్కుల పూచీ నాది కాదు. కానీ జూల్స్ వెర్న్ 'ఎనభై రోజుల్లో భూప్రదక్షిణ' చదివిన పిల్లల చేత నేనొక లెక్క చేయిస్తాను. కథానాయకుడు ఫాగ్ గడువు దాటిపోయిందనుకుంటాడు, తీరా చూస్తే రోజు మిగిలే ఉంటుంది. ఎందుకు? తూర్పుకి వెళ్తుంటే డిగ్రీకి 4 నిమిషాల చొప్పున సూర్యుడు ముందే ఉదయిస్తాడు. 360 డిగ్రీలకి ఎన్ని నిమిషాలు? కాగితం మీద 1,440 వచ్చి, అది 24 గంటలని తేలగానే సోషల్ పుస్తకంలోని రేఖాంశాల పాఠానికి ప్రాణం వస్తుంది. మన దేశం గురించి వెర్న్ నవలలో వింత రాతలు కొన్ని ఉన్నాయి. వాటిని కూడా పిల్లల చేతే పట్టిస్తాను, సరదాగా ఉంటుంది.

అపోహ: సాహసమంటే తెల్లవాళ్ల పుస్తకాలే.

వాస్తవం: చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్స్, 'తోకచుక్క' మొదలుకొని, ఆరేడు తరగతుల వాళ్లని ఇప్పటికీ కదలనివ్వవు. (పదో తరగతి వాళ్లకి ఇస్తే నవ్వుతారు. అవి మీ చిన్నతనానికి తీపి గుర్తని మీ అబ్బాయి మీద రుద్దకండి.) బెంగాల్ పల్లెటూరి కుర్రాడు ఆఫ్రికా రైల్వేలో ఉద్యోగానికెళ్లి సింహాల మధ్య, వజ్రాల కొండల మధ్య తిరిగే 'చాందేర్ పహార్' 1937 నాటిది. రాసిన బిభూతిభూషణ్ ఆఫ్రికా మొహం ఎరగడు.

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరి, వంద మందికి పైగా జనంతో కాశీ వెళ్లి, తిరిగి ఇల్లు చేరేసరికి 1831 సెప్టెంబరు అయింది. వచ్చేటప్పుడు పూరీ మీదుగా మన శ్రీకాకుళం దారినే వచ్చాడు. 'కాశీయాత్ర చరిత్ర' భాష పాతది, ఒక్కసారిగా పిల్లలకి అప్పజెప్తే బెదురుతారు. మన ప్రాంతం వచ్చే పేజీలు నేనే చదివి వినిపిస్తాను.

అపోహ: మంచి పుస్తకాల లిస్టు ఒకటి రాసిచ్చేస్తే సరిపోతుంది.

వాస్తవం: ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు అని గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు 1931లోనే సూత్రాలు రాశారు. లిస్టు రాస్తే పుస్తకం తెలుస్తుంది, పిల్లాడు తెలియడు. అందుకే మాట కలుపుతాను. ఈమధ్య చూసిన సినిమాల్లో ఏది నచ్చింది, ఇంట్లో ఏం పని చేస్తారు, దేనికి భయం? తర్వాత మూడు పుస్తకాలు బల్ల మీద పెడతాను, మూడింటికీ మొదటి పేజీ నేనే చదువుతాను. ఒకటి వాడే ఎంచుకుంటాడు. నచ్చకపోతే ఇరవై పేజీల దగ్గర వదిలేసి తెచ్చిచ్చేయొచ్చని ముందే చెబుతాను. ఈ ఒక్క మాటతో సగం టెన్షన్ పోతుంది. మళ్లీ ఎందుకు వదిలేశావని అడగను, ఎక్కడ వదిలేశావని అడుగుతాను. తర్వాతి పుస్తకం ఏదో ఆ జవాబులోనే దొరుకుతుంది.

కొమ్ముకోనాం కుర్రాడు ఇప్పుడు ఇంటర్. మొన్న వచ్చి అంతకన్నా పెద్ద చేప ఉన్న బుక్ కావాలన్నాడు. మోబీ డిక్ అని ఒకటుంది, 135 అధ్యాయాలు, అయినా అది చేప కాదురా తిమింగలం అన్నాను. "మాకు తెలుసులెండి, ఒడ్డుకి కొట్టుకొచ్చినప్పుడు చూసినాం. బుక్ ఉందా, లేదా?" అన్నాడు. లేదు. కొనాల్సిన పుస్తకాల లిస్టులో రాసుకున్నాను.