అమ్మమ్మ పిక్కల మీది నీలి మెలికలు

చిరంజీవులు చిన్నికి, బాబీకి అమ్మమ్మ ఆశీస్సులు.

నా పిక్కల మీద నీలంగా మెలికలు తిరిగి ఉన్నవి ఏమిటని, ఏ నూనె రాస్తే పోతాయని ఫోనులో అడిగారు. ఫోనులో చెబితే సగమే వింటారు కాబట్టి రాస్తున్నాను. ఊళ్లో ఉబ్బిన నరాలంటారు గాని అవి సిరలు, అంటే రక్తాన్ని తిరిగి గుండెకు చేర్చే గొట్టాలు. డాక్టరు చీటీలో వెరికోస్ వెయిన్స్ అని ఉంటుంది.

గుండె నుంచి కాళ్లకు రక్తం దిగడం తేలికే. తిరిగి పైకి ఎక్కడమే కష్టం. కదలకుండా నిలబడితే చీలమండ దగ్గర సిరల్లో ఒత్తిడి, బీపీ కొలిచే లెక్కలోనే, దాదాపు 90 ఉంటుంది. నడుస్తున్నప్పుడు అది 30కి అటూ ఇటూగా పడిపోతుంది. అదంతా పిక్క కండరం చలవే. అడుగు వేసినప్పుడల్లా బిగుసుకుని, లోపలి సిరలను పిండి, రక్తాన్ని పైకి నెడుతుంది. నెట్టిన రక్తం కిందికి జారకుండా సిరల్లో అక్కడక్కడ కవాటాలు ఉంటాయి. మన బావిలో మోటారు పైపు అడుగున ఫుట్ వాల్వ్ చూశారు కదా, అదీ ఇదే పని చేస్తుంది. కవాటం సరిగా మూసుకోకపోతే రక్తం వెనక్కి జారి నిలుస్తుంది, చర్మం కింది సిర సాగి మెలికలు పడుతుంది.

నమ్మకం కుదరకపోతే మీ నాన్న చేయి కాసేపు అరువు తీసుకోండి. చేతిని కిందికి వేలాడదీయమంటే ముంజేతి సిరలు పొంగుతాయి. ఒక సిరను మణికట్టు వైపు వేలితో నొక్కి ఉంచి, రెండో వేలితో మోచేతి వైపు నిమురుతూ రక్తాన్ని నెట్టండి. ఇప్పుడు రెండో వేలు తీసేయండి. రక్తం కొంతదూరం వెనక్కి వచ్చి, ఒక చిన్న ముడి దగ్గర టక్కున ఆగుతుంది. ఆ ముడే కవాటం. అక్కడి నుంచి మొదటి వేలి దాకా సిర ఖాళీగా ఉంటుంది. మొదటి వేలు కూడా ఎత్తారా, కింది నుంచి చటుక్కున నిండిపోతుంది. విలియం హార్వే అనే ఇంగ్లండు వైద్యుడు 1628లో అచ్చువేసిన పుస్తకంలో బొమ్మలతో సహా చూపించింది ఇదే. ఆయన చేతికి పట్టీ బిగించాడు. మీరు మాత్రం తాడూ గీడూ కట్టకండి.

ఇక నూనె సంగతి. నువ్వుల నూనె రాస్తే హాయిగా ఉంటుంది, నేనూ రాస్తాను. పాడైన కవాటాన్ని మాత్రం ఏ నూనే, ఏ పసరూ బాగుచేయలేదు. ఇంటర్నెట్‌లో హార్స్ చెస్ట్‌నట్ అనే విదేశీ గింజల మాత్రలు అమ్ముతారు. శుద్ధి చేసిన ఆ సారం వాపు, నొప్పి కొంత తగ్గిస్తుందని పరీక్షల్లో తేలింది కాని, పచ్చి గింజ విషం. డాక్టరును అడగకుండా అలాంటివి తెప్పించవద్దని మీ అమ్మకు చెప్పండి.

నాకు పనికొచ్చినవి పైసా ఖర్చు లేనివే. గోడకు చేయి ఆనించి మడమలు ఎత్తి దించడం, పొద్దున్నే నడక, సాయంత్రం పడుకుని కాళ్లను గుండె కన్నా ఎత్తులో దిండ్ల మీద పెట్టుకోవడం. బిగుతు మేజోళ్లకు మాత్రం డబ్బు పెట్టాలి. వాటిని మంచం దిగకముందే, కాళ్లు వాయకముందే తొడుక్కోవాలి. కాలి ధమనుల్లో, అంటే గుండె నుంచి రక్తం తెచ్చే గొట్టాల్లో, రక్తం సరిగా పారనివాళ్లకు అవి హాని చేస్తాయి కనుక డాక్టరు చూసి కొలత చెప్పాలి.

మా అమ్మకూ ఇవి ఉండేవి. వంశం, కాన్పులు, బరువు, అన్నిటికీ తోడు నిలబడే ఉద్యోగం. నేను నల్లబల్ల ముందు నిలబడ్డా, మధ్యలో కుర్చీ ఉండేది. చీరల దుకాణంలో అమ్మాయిలకు అదీ ఉండదు. కేరళలో దుకాణాల్లో పనిచేసే మహిళలు పోరాడితే 2018లో అక్కడ కూర్చునే హక్కు చట్టంలోకి వచ్చింది, 2021లో తమిళనాడు కూడా తెచ్చింది. కుర్చీ కోసం చట్టం కావలసి రావడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇంట్లో పెద్దవాళ్లెవరికైనా ఒక కాలు మాత్రమే ఉన్నట్టుండి వాచి, వేడెక్కి, నొప్పి పుడితే మర్దన చేయకండి. లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. దానికి తోడు ఆయాసం వస్తే 108కి ఫోను చేయాలి. చీలమండ పైన చర్మం నల్లబడినా, పుండు మానకపోయినా డాక్టరుకు చూపించాలి. ఉబ్బిన సిర చిట్లి రక్తం కారితే భయపడకండి. మనిషిని పడుకోబెట్టి, కాలు పైకెత్తి, శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకుని పెద్దవాళ్లను కేకేయండి.

ఇట్లు,
మీ అమ్మమ్మ