కేదార్‌నాథ్ చలి: స్వెట్టర్ గురించి అడుగుతారు, బనియన్ గురించి అడగరు

దసరా తర్వాత నేను యాత్రికులను తీసుకెళ్లే కేదార్‌నాథ్ బ్యాచ్ ఉందంటే చాలు, నెల్లూరు చుట్టుపక్కల నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. "స్వెట్టర్ ఎంత మందంది కొనాలబ్బాయా?" అని. లోపల ఏం వేసుకోవాలని ఒక్కరూ అడగరు. కొండ మీద మనవాళ్లను ఎక్కువగా వణికించేది ఆ లోపలి కాటన్ బనియనే.

మనకు చలంటే సంక్రాంతి ముందు తెల్లవారుజామున దుప్పటి లాక్కోవడం. కేదార్‌నాథ్ 3,583 మీటర్ల ఎత్తు. వెయ్యి మీటర్లకు సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది, లెక్క మీరే వేసుకోండి. ఆ భయంతో కాటన్ బనియన్ మీద బొంతలాంటి జాకెట్ తొడిగి గౌరీకుండ్ నుంచి ఎక్కడం మొదలుపెడతారు. కాసేపటికే చెమట. కాటన్ ఆ తడిని పీల్చుకుని ఒక పట్టాన ఆరదు. నడిచినంతసేపూ ఏమీ తెలియదు, ఆగితే తెలుస్తుంది. నీళ్లు గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా ఒంట్లో వేడిని లాగేస్తాయి మరి.

ఒకసారి కోవూరు పెద్దాయన టీ కొట్టు దగ్గర కూర్చోగానే పళ్లు టకటక కొట్టుకోవడం మొదలైంది. "చలిజ్వరం వచ్చేసింది, నన్ను దించేయండయ్యా" అంటారు. వాళ్లావిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. వాళ్లబ్బాయి పైన శాలువా మీద శాలువా కప్పుతున్నాడు. జాకెట్ విప్పించి చూస్తే, బనియన్ పిండితే నీళ్లు కారేట్టుంది. ఒళ్లు తుడిచి, పొడి థర్మల్ (చలికి లోపల వేసుకునే బట్ట) తొడిగి, మళ్లీ స్వెట్టర్, జాకెట్ వేసి వేడి టీ తాగించాం. సాయంత్రం దర్శనం లైన్లో ఆయన నాకంటే ముందున్నారు.

కాబట్టి ఒంటిని అంటుకుని ఉన్ని లేదా పాలిస్టర్ థర్మల్, దానిపైన ఫ్లీస్ (మెత్తటి నూగున్న పాలిస్టర్ బట్ట) లేదా ఉన్ని స్వెట్టర్, అన్నిటికీ పైన గాలీ వానా ఆపేది. ఎక్కేటప్పుడు స్వెట్టర్ విప్పి బ్యాగ్‌లో పెట్టండి, ఆగిన వెంటనే వేసుకోండి. అమ్మలూ, చీర మానక్కర్లేదు, లంగా కింద థర్మల్ ప్యాంటు వేసుకోండి చాలు. బద్రీనాథ్‌లో తప్తకుండం వేడినీళ్లలో మునిగి, ఆ తడి చీరతోనే లైన్లో నిలబడేవాళ్లతో నాకు ప్రతిసారీ గొడవే. పొడి చీర కట్టుకొస్తే స్వామి ఏమీ అనడు.

మిగతావి. రెండు జతల సాక్సులతో బూటు బిగిస్తే రక్తం సరిగా ఆడదు, కాళ్లు ఇంకా చల్లబడతాయి. సగం వేడి తల నుంచే పోతుందన్నది వట్టి మాట, అయినా చెవుల కోసం మంకీ క్యాప్ పెట్టుకోండి. బ్రాందీ చర్మానికి వెచ్చగా అనిపిస్తుంది గానీ లోపలి వేడిని బయటికి పంపేస్తుంది. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టొద్దు, ఆ గాలికి నిద్రలోనే ప్రాణం పోతుంది.

కూర్చున్నా తగ్గని ఆయాసం, తలనొప్పి, తూలడం మాత్రం చలి వల్ల అనుకోకండి. అది ఎత్తు వల్ల. ఎన్ని స్వెట్టర్లు వేసినా తగ్గదు, వెంటనే నాకు చెబితే కిందికి దించే ఏర్పాటు చేస్తాను.

ఇంకో జత పొడి థర్మల్ ప్లాస్టిక్ కవర్లో చుట్టి మీ భుజాన ఉండే సంచిలోనే పెట్టుకోండి. గుర్రం మీద వేసే లగేజీలో పెడితే అవసరానికి అది మీకంటే 2 కిలోమీటర్లు ముందుంటుంది.