నార్టన్‌ను మళ్ళీ నిలబెట్టడం: పిల్లలకు ఒక ఉత్తరం

ప్రియమైన పిల్లలకు,

హోసూరులో బళ్లు తయారుచేసే టీవీఎస్ కంపెనీ మీకు తెలుసు. మన పల్లెల్లో పాల క్యాన్లూ ఎరువు బస్తాలూ మోసే ఎక్స్‌ఎల్ దానిదే. ఆ కంపెనీ 2020 ఏప్రిల్‌లో ఇంగ్లండుకు చెందిన పాత మోటారుసైకిల్ కంపెనీ నార్టన్‌ను 1.6 కోట్ల పౌండ్లకు, అంటే సుమారు 153 కోట్ల రూపాయలకు కొన్నది. పాత పేరు చేతికొచ్చింది కదా, ట్యాంకు మీద రాసి అమ్ముకోవడమేగా అని మీలో చాలామంది అనుకుంటారు. అసలు పని అక్కడే మొదలవుతుంది.

నార్టన్‌ను 1898లో బర్మింగ్‌హామ్‌లో జేమ్స్ లాన్స్‌డౌన్ నార్టన్ స్థాపించాడు. 1907లో ఐల్ ఆఫ్ మాన్ దీవిలో మొదటిసారి జరిగిన టీటీ అనే మోటారుసైకిళ్ల పందెంలో రెండు సిలిండర్ల తరగతిని రెమ్ ఫౌలర్ నార్టన్ మీదే గెలిచాడు. ఆ బండిలో ఉన్నది ఫ్రాన్సు వాళ్ల ప్యూజో ఇంజను. కాబట్టి పరాయి దేశం చెయ్యి పడితే నార్టన్ నార్టన్ కాకుండా పోతుందనే వాదన నాకు సమ్మతం కాదు.

ఆ పేరుకు అంత విలువ ఎలా వచ్చిందో తెలియాలంటే 1967లో చూపించిన కమాండో బండి గురించి చెప్పాలి. దాని పెద్ద ఇంజనులో రెండు పిస్టన్లూ ఒకేసారి లేచి ఒకేసారి దిగుతాయి. అందుకే వణుకు ఎక్కువ. నార్టన్ ఇంజనీర్లు ఇంజను, గేరు బాక్సు, వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్ మూడింటినీ ఒకే ముద్దగా బిగించి, ఆ ముద్దను రబ్బరు బుష్షుల మీద ఫ్రేములో కూర్చోబెట్టారు. దీన్ని ఐసోలాస్టిక్ అంటారు. వణుకు రబ్బరులోనే ఆగిపోతుంది. కానీ ఆ ముద్ద పక్కలకు కదలకూడదు. అందుకని షిమ్ములనే పలుచని రేకు బిళ్లలు వేసి పక్క సందును అంగుళంలో వెయ్యింట పది వంతులకు, అంటే పావు మిల్లీమీటరుకు సరిచేస్తారు. సందు తగ్గితే వణుకు తిరిగి చేతుల్లోకి వస్తుంది. పెరిగితే మలుపులో బండి వెనకభాగం ఊగుతుంది. అరుగుదలతో సందు పెరుగుతూనే ఉంటుంది కాబట్టి సర్వీసులో దీన్ని తప్పక కొలవాలి. 1975 మోడల్‌లో షిమ్ములకు బదులు తిప్పి సరిచేసుకునే మర పెట్టారు.

ఇంత తెలివైన కంపెనీ 1972లో తొందరపడింది. కాంబాట్ అనే ఇంజనులో కంప్రెషన్‌ను, అంటే సిలిండరులో గాలిని నొక్కే పాళ్లను, 10:1కి పెంచి శక్తి పెంచారు. వేగం పెరిగినప్పుడు పిస్టన్లు తిప్పే క్రాంకు షాఫ్టు కొద్దిగా వంగుతుంది. దాన్ని మోసే మెయిన్ బేరింగులోని రోలర్లు తిన్నగా ఉండడంతో వాటి అంచులు గాడిని కొరికేసేవి. కొద్ది వేల మైళ్లకే మెయిన్ బేరింగులు పోయాయి. తర్వాత నడుమ కాస్త ఉబ్బెత్తుగా ఉండే రోలర్లతో సూపర్‌బ్లెండ్ బేరింగు వేస్తే జబ్బు కుదిరింది. కానీ ఆ లోపం తేలింది ఫ్యాక్టరీ పరీక్షలో కాదు, డబ్బు పోసి కొన్నవాళ్ల బళ్లలో. అప్పటికే హోండా 750 నాలుగు సిలిండర్లు, డిస్క్ బ్రేకు, సెల్ఫ్ స్టార్టుతో బజారులో ఉంది.

ఆ తర్వాత పేరు చాలా చేతులు మారింది. 2008లో ఇంగ్లండులోని డోనింగ్టన్‌లో మళ్ళీ మొదలైన నార్టన్ 2020 జనవరిలో దివాలా తీసింది. పింఛను నిధుల సొమ్మును పరిమితికి మించి కంపెనీలో పెట్టిన కేసులో అప్పటి యజమాని 2022లో నేరం ఒప్పుకున్నాడు. ఇలాంటి కంపెనీని కొనేవాడు సాధారణంగా పేరు, డిజైన్లు, యంత్రాలు తీసుకుంటాడు, అప్పులు తీసుకోడు. బండి కోసం ముందే డబ్బు కట్టినవాళ్లు అప్పులవాళ్ల వరసలో దాదాపు చివర నిలబడతారు. చట్టం దీన్ని ఒప్పుకుంటుంది. కానీ డబ్బు పోయినవాడు తిట్టేది నార్టన్‌నే.

నా దృష్టిలో నార్టన్ కోలుకోవడం మొదలైంది 2021లో. పాత యాజమాన్యం అమ్మిన వీ4 అనే నాలుగు సిలిండర్ల బండిలో 35 లోపాలున్నాయని, వాటిలో 19 ప్రాణాపాయం తెచ్చేవని కొత్త యాజమాన్యంలోని కంపెనీయే ప్రకటించింది. ఆ బళ్లను నడపవద్దని కొన్నవాళ్లకు చెప్పింది. ఇలాంటప్పుడు బండిని పూర్తిగా విప్పి, ఒక్కో భాగాన్నీ డ్రాయింగుతో పోల్చి కొలవాలి. తప్పు డ్రాయింగులోనే ఉందా, లోహంలో ఉందా, బిగింపులో ఉందా అన్నది ముందు తేల్చాలి. బిగింపు తప్పయితే పనివాళ్ల పద్ధతి మారిస్తే చాలు. లోహం తప్పయితే సరఫరాదారునే మార్చాల్సి రావచ్చు. డ్రాయింగే తప్పయితే అచ్చుల దగ్గర నుంచి మళ్ళీ చేయాలి, దానికి నెలలు పడుతుంది. బర్మింగ్‌హామ్ పక్కనే సోలిహల్‌లో కొత్త ఫ్యాక్టరీ పెట్టి, ఆ వీ4లోని 1200 సీసీ ఇంజనునే సరిచేసి వీ4ఎస్వీ అనే బండిగా తెచ్చారు.

ఇంగ్లండుదే మరో పాత మోటారుసైకిల్ పేరు బీఎస్ఏది వేరే దారి. మహీంద్రా వారి క్లాసిక్ లెజెండ్స్ 2016లో ఆ పేరు కొని, 2021లో సరికొత్త గోల్డ్ స్టార్ చూపించింది. అది 652 సీసీ ఒకే సిలిండరు బండి, తయారీ మధ్యప్రదేశ్‌లోని పీతంపూర్‌లో. చూపుకు ఇంజను మీద గాలికి చల్లబడే పాతకాలపు రెక్కలున్నా లోపల చల్లబరిచేది నీళ్లే. గాలితో చల్లబడే పెద్ద సిలిండరు వేడి ఒక్కతీరుగా ఉండదు. అందుకని పిస్టన్‌కు సందు ఎక్కువ ఇవ్వాలి, దాంతో ఆయిల్ పైకెక్కి కాలుతుంది. యూరో 5 పొగ పరీక్షలో అది చిక్కు తెస్తుంది. నార్టన్ మోసినట్టు ఇంకొకరి లోపాలు మోయనక్కర్లేని ఈ దారి తేలిక, చవక కూడా. 2024 ఆగస్టు 15న మన దేశంలో దాని ధర 2.99 లక్షల దగ్గర మొదలైంది.

ఇలాంటి బండి ఏదైనా మీ ఊరి షోరూముకు వస్తే రంగు తర్వాత చూడండి. క్లచ్ కేబులు, ఆయిల్ ఫిల్టరు, హెడ్ గాస్కెట్ ఈ మూడింటి ధరా, ఎన్ని రోజుల్లో తెప్పిస్తారన్నదీ కాగితం మీద రాయించుకోండి. దగ్గరి సర్వీసు సెంటరు ఎంత దూరమో, అక్కడి మెకానిక్ ఆ ఇంజను విప్పడంలో శిక్షణ పొందాడో లేదో కనుక్కోండి. బండి కళ్లెదుట లేకుండా పూర్తి సొమ్ము కట్టమంటే కట్టకండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య